రేడియేషన్ కొలతలు ఊరి బోర్డు మీద పెట్టండి

సంపాదకులకు,

అయ్యా,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక వార్త వేశారు. వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊళ్లో సెల్ టవర్ కోసం తవ్విన పునాది గుంతను ఊరివాళ్లు పూడ్చేశారని, రేడియేషన్ వల్ల కిడ్నీలు, మెదడు పాడవుతాయని ఆడవాళ్లు రోడ్డు మీద బైఠాయించారని రాశారు. ఊరివాళ్లు ఏమన్నారో ఉంది. కాంట్రాక్టర్ ఏమన్నాడో ఉంది. ఆ రేడియేషన్ ఎంత, ఎంతవరకు ఉండొచ్చు, దాన్ని కొలిచేది ఎవరు అన్నవి మాత్రం లేవు. వాటి గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. కోత వేయకుండా వేస్తారని ఆశిస్తున్నాను.

నేను కాశీబుగ్గలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు నడుపుతున్నాను. ఫోన్లు విప్పడం, బిగించడం, కొత్తవి అమ్మడం నా బతుకుదెరువు. అందుకని ఫోన్ల తరఫున మాట్లాడుతున్నానని ఎవరైనా అనుకోవచ్చు. నేను చెప్పబోయేవన్నీ ఎవరికి వారు సరిచూసుకోగలిగినవే కాబట్టి ఆ అనుమానంతోనే చదవండి, పర్వాలేదు.

ముందు కిడ్నీల సంగతి. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టినవాళ్లకు ఈ మాట ఎంత బరువైనదో వేరే చెప్పక్కర్లేదు. మా చిన్న మావయ్య వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తాడు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, ఏ మండలంలో అడిగినా ఇలాంటి ఇల్లు చూపిస్తారు. నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు. పురుగుమందుల్ని అనుమానించారు, సిలికాను అనుమానించారు, ఎండలో సరిగా నీళ్లు తాగకుండా చేసే పనిని అనుమానించారు, ఒళ్లు నొప్పులకు చీటికీమాటికీ మింగే బిళ్లల్ని అనుమానించారు. ఇదే కారణమని ఇంతవరకు తేలలేదు. కారణం తెలియని జబ్బుతో బతికే ఊళ్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా జనం దాన్ని అనుమానంగానే చూస్తారు. అందుకు వాళ్లను నేను తప్పు పట్టను.

కానీ ఈ జబ్బు 1990ల నుంచే మా దగ్గర ఉంది. అప్పటికి మా కొబ్బరితోటల్లో సెల్ టవర్ అన్నదే లేదు. ఇప్పుడు టవర్లు దేశమంతా ఉన్నాయి. ఈ జబ్బు మాత్రం ఉద్దానం లాంటి కొన్ని చోట్లే ఇంతగా ఉంది. నేరం టవరు మీద వేసి ఊరుకుంటే నష్టపోయేది మేమే. తాగే నీళ్ల గురించి, మందుల షాపులో అడిగిందే తడవుగా ఇచ్చే నొప్పి బిళ్లల గురించి అడగాల్సిన ప్రశ్నలు వెనక్కి పోతాయి. నాకు బాధ అక్కడే.

ఇక రేడియేషన్ మాట. ఈ ఒక్క మాటలో ఎక్స్‌రే, అణు విద్యుత్ కేంద్రం, సెల్‌ఫోన్ అన్నీ కలిసిపోయాయి. ఎక్స్‌రేలకు, గామా కిరణాలకు ఒంట్లోని అణువుల బంధాలను తెంచే శక్తి ఉంది. డీఎన్ఏ దెబ్బతినేది అలాగే. ఫోను, టవరు పంపేవి రేడియో తరంగాలు. రేడియో స్టేషన్, టీవీ టవర్ పంపినవీ ఈ జాతివే. వీటికి ఆ బంధాలను తెంచే శక్తి లేదు. బలంగా తగిలితే ఒంటిని వేడెక్కిస్తాయి. ఆ వేడిని పట్టుకునే ప్రపంచమంతా పరిమితులు పెట్టుకుంది.

ఆ పరిమితి ఎలా వచ్చిందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఎలుకల మీద, కోతుల మీద ఈ తరంగాలు పంపి చూశారు. ఒంటి బరువులో కిలోకు సుమారు 4 వాట్లు లోపలికి వెళ్లే స్థాయిలో వాటి ఒళ్లు ఒక డిగ్రీ దాకా వేడెక్కి, తిండి కోసం నేర్చుకున్న పని కూడా చేయడం మానేశాయి. దాన్ని హద్దుగా తీసుకుని, ఈ తరంగాల మధ్య పనిచేసే ఉద్యోగులకు అందులో పదో వంతు, మామూలు జనానికి యాభయ్యో వంతు అని పెట్టారు. అంటే ఒళ్లంతటికీ సగటున కిలోకు 0.08 వాట్లు. మనం ఊరికే కూర్చున్నా మన ఒళ్లు కిలోకు దాదాపు ఒక వాట్ వేడి పుట్టిస్తూనే ఉంటుంది. దాని పక్కన పెట్టి చూడండి.

ఫోను ఒళ్లంతటికీ కాదు, ఒక్క చోటే ఆనుకుని ఉంటుంది. అందుకని దానికి వేరే లెక్క. ఒక గ్రాము కండలోకి వెళ్లే శక్తిని కొలిచి, దాన్ని కిలోకు ఇన్ని వాట్లని చెబుతారు. ఎస్ఏఆర్ అంటారు దీన్ని. మన దేశంలో ఇది 1.6 దాటకూడదు. 2012 సెప్టెంబర్ 1 నుంచి ఈ నియమం ఉంది. అంతకుముందు యూరప్ పద్ధతిలో పది గ్రాముల సగటు మీద 2 వాట్లు ఉండేది. పది గ్రాముల మీద సగటు తీస్తే ఒక్కచోట ఎక్కువ పడింది కూడా పక్కవాటితో కలిసి తగ్గిపోతుంది. ఒక గ్రాముకు దించడం నియమాన్ని బిగించడమే. కొలిచేటప్పుడు మనిషి తల ఆకారంలో ఉన్న బొమ్మలో, మన కండలాగే ప్రవర్తించే ద్రవం నింపి, ఫోనును ఆనించి, ఫుల్ పవర్‌లో పంపించి చూస్తారు. మామూలు వాడకంలో ఫోను అంత పవర్ ఎప్పుడో గాని వాడదు.

మీ ఫోను ఎస్ఏఆర్ అంకె ఎంతో మీరే చూసుకోవచ్చు. కాల్ చేసేచోట స్టార్, హ్యాష్, సున్నా, ఏడు, హ్యాష్ కొట్టండి. మన దేశంలో అమ్మే చాలా ఫోన్లలో తలకు ఇంత, ఒంటికి ఇంత అని రెండు అంకెలు వస్తాయి. నా షాపుకి వచ్చినవాళ్లకు నేను కొట్టి చూపిస్తుంటాను. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అందరికీ తెలుసు. ఈ అంకె సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ. ఒక ఫోనుకు 0.6, ఇంకోదానికి 1.2 అని వస్తే రెండోది రెట్టింపు ప్రమాదమని కంగారుపడొద్దు. రెండూ పరిమితి లోపలే ఉన్నాయి. పైగా రోజువారీ వాడకంలో మన ఒంటికి ఎంత పడుతుందన్నది ఈ అంకె కన్నా సిగ్నల్ మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. అది కింద చెబుతాను.

పరిమితులు కాగితం మీదవేనా, ఎవరైనా పట్టించుకుంటారా అంటే, 2023 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ చేసిన పని చూడండి. అక్కడి ప్రభుత్వ సంస్థ ఐఫోన్ 12ను చేతికి ఆనించి కొలిస్తే 5.74 వచ్చింది. అక్కడ చేతికీ కాలికీ పరిమితి 4. వెంటనే అమ్మకాలు ఆపేయమన్నారు. యాపిల్ కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చి పవర్ తగ్గించాల్సి వచ్చింది. షాపులోంచి ఫోను తీసుకెళ్లి కొలిచే మనిషి ఉంటే కంపెనీ ఎంత పెద్దదైనా దిగి వస్తుంది.

పలాస జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు సాయంత్రం బస్సెక్కే ముందు నా షాపు దగ్గర ఆగుతుంటారు. రీఛార్జి కోసమో, గ్లాసు పగిలితేనో. ఒకావిడ ఫోను తీసి నా చేతికిస్తూ అడిగింది. "నాయినా, జాకెట్లో ఎట్టుకుంటే రొమ్ముకి కేన్సరొస్తాదంట గదా. నిజివేనేటి?" ఆవిడ చీర మీద ఇంకా జీడిపొట్టు ఉంది. ఫోను చెమటకు తడిసి ఉంది. పనిచేసేచోట పెట్టుకోవడానికి వేరే జాగా లేదు, బ్యాగు లోపలికి తీసుకెళ్లనివ్వరు. జాకెట్లో కాక ఇంకెక్కడ పెట్టుకుంటుంది?

అలా వస్తుందని ఏ పరిశోధనా తేల్చలేదని చెప్పాను. అదే నిజం. కానీ దాంతో పాటు ఇంకో నిజం కూడా చెప్పాను. ఆవిడ ఫోను పెట్టెలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో. ఒంటి మీద పెట్టుకున్నప్పటి కొలతను 15 మిల్లీమీటర్ల దూరంలో తీశామని చాలా కంపెనీల పుస్తకాల్లో రాసి ఉంటుంది. కొన్నింటిలో ఇంకా తక్కువ దూరం ఉంటుంది. అంటే ఒంటికి చూపిస్తున్న ఆ అంకె ఒకటిన్నర సెంటీమీటరు ఎడం ఉన్నప్పటిది. జాకెట్లో చర్మానికి అతుక్కున్నప్పటిది కాదు. ఇంత ముఖ్యమైన మాట జీడి కార్మికురాలికి చేరే దారే లేదు. ఆవిడకు నేను చెప్పింది చిన్న పనే. ఒక గుడ్డసంచీ కుట్టించుకుని నడుముకు, చీర మీద నుంచి కట్టుకో. పనిలో ఉన్నంతసేపూ డేటా ఆపేయి. మాట్లాడేటప్పుడు స్పీకర్ పెట్టుకో. కొన్ని సెంటీమీటర్ల ఎడంతోనే చాలా తగ్గిపోతుంది.

ఎడం ఎంత పనిచేస్తుందో పాత పద్ధతిలో జీడిగింజలు కాల్చే బట్టీ దగ్గర నిలబడ్డ వాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. డ్రమ్ము పక్కన మొహం మాడిపోతుంది, అదే బట్టీ సెగ గేటు దగ్గరకు రాదు. రేడియో తరంగాలూ అంతే. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది, పది రెట్లైతే నూరో వంతుకు.

ఇప్పుడు సిగ్నల్ సంగతి. ఈ ఉత్తరంలో ఒక్క ముక్కే వేసుకోవడానికి చోటుంటే ఇదే వేయండి. ఫోను ఎప్పుడూ ఒకే బలంతో పంపదు. టవరు దగ్గర ఉంటే తగ్గించుకుంటుంది, దూరమైతే పెంచుకుంటుంది. ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో టవరే దానికి ఎప్పటికప్పుడు చెబుతుంటుంది. 4జీ ఫోను గరిష్ఠంగా 0.2 వాట్లు, అంటే 200 మిల్లీవాట్లు పంపుతుంది. సిగ్నల్ బాగుంటే అందులో వెయ్యో వంతుతో, అంతకన్నా తక్కువతో కూడా సరిపెట్టుకుంటుంది. సిగ్నల్ లేక 2జీకి పడిపోతే ఇంకా ఎక్కువ కావాలి. ఆ ఫోను ఒక్కో విడతలో 2 వాట్ల దాకా పంపుతుంది, మధ్యలో ఆగుతుంది కాబట్టి సగటు పావు వాట్. అంటే ఒక్క గీతతో వేలాడే ఊళ్లో చెవి దగ్గర ఫోను పెట్టుకుని అరగంట మాట్లాడే మనిషి, టవరు పక్క వీధిలో ఉన్నవాడికన్నా వందల రెట్లు ఎక్కువ తరంగాలను తన తలకు తగిలించుకునే అవకాశం ఉంది. అంతా పరిమితి లోపలే. కానీ భయపడి టవరును తరిమేసిన ఊరు తన ఒంటికి తగిలేదాన్ని పెంచుకుంటోంది. నన్ను ఈ ఉత్తరం రాయించింది ఇదే.

ఫోను పవర్ పెంచుకోవడం నా బల్ల మీద కంటికి కనిపిస్తుంది. మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోతోందని, ఫోను కాలిపోతోందని ఒక కుర్రాడు తెచ్చాడు. వెనక అద్దం ఇంకెక్కడో మార్పించాడట. విప్పితే, పై బోర్డు నుంచి కింద యాంటెన్నాకు వెళ్లే సన్నటి నల్ల తీగ ఉంటుంది, వెంట్రుకకన్నా కాస్త లావు. దాని చివర మిరియపు గింజ సగమంత గుండ్రటి టోపీ తన గుండీలోకి నొక్కలేదు, పక్కకు పడి ఉంది. అంచుల్లో రేకు కాంటాక్టులు కూడా జిగురుతో మూసుకుపోయాయి. పాపం ఫోను టవరును పట్టుకోవడానికి పొద్దుటి నుంచి తన బలమంతా పెడుతూనే ఉంది. టోపీని చిమటాతో పట్టి టక్కున నొక్కి, జిగురు గీకేస్తే గీతలు నాలుగు వచ్చాయి, ఫోను చల్లబడింది. అందుకే చెబుతున్నాను, రిపేరు తర్వాత సిగ్నల్ గీతలు తగ్గితే ఊరుకోకండి, అదే షాపుకు వెనక్కి తీసుకెళ్లండి.

మాట్లాడేటప్పుడు చెవి వేడెక్కితే మెదడు ఉడుకుతోందని భయపడేవాళ్లున్నారు. ఆ వేడి చాలావరకు బ్యాటరీది, సర్క్యూట్లది, గాలి తగలకుండా చెవి మూసేయడం వల్ల వచ్చింది. ఫుల్ పవర్‌లో కూడా తరంగాల వల్ల మెదడు వేడెక్కేది డిగ్రీలో పదో వంతు స్థాయిలోనే ఉంటుందని లెక్కలు కట్టారు.

ఇక టవర్. దీనికీ పరిమితి ఉంది. అంతర్జాతీయ సంస్థ ఇక్నిర్ప్ సూచించిన లెక్క ప్రకారం 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్లు. మన కేంద్ర ప్రభుత్వం 2012 సెప్టెంబర్ 1 నుంచి దాన్ని పదో వంతుకు కోసేసింది. అంటే 0.45 వాట్లు, 450 మిల్లీవాట్లు అనుకుందాం. ఇప్పుడు చేత్తో వేసుకునే లెక్క ఒకటి చూడండి. టవరు మీద ఒక యాంటెన్నాకు 20 వాట్లు వెళ్తోందనుకోండి. అది ఒకవైపే చూస్తుంది కాబట్టి ఆ వైపు బలం యాభై రెట్లు, అంటే అన్ని వైపులా 1000 వాట్లు చిమ్మినట్టు. వంద మీటర్ల దూరంలో ఇల్లుంటే ఆ ఇంటి దగ్గర చదరపు మీటరుకు పడేది సుమారు 8 మిల్లీవాట్లు. పరిమితి 450, పడేది 8. గోడలు, చెట్లు అడ్డం ఉంటే ఇంకా తక్కువ. పది యాంటెన్నాలు ఒకే ఇంటివైపు చూస్తున్నా 80. అదే మనిషి చెవి దగ్గర ఒక్క గీతతో తిప్పలుపడే ఫోను మొత్తంగా పంపేది 200 మిల్లీవాట్లు, అదీ చదరపు మీటరంతా పరుచుకుని కాదు, సెంటీమీటరు దూరంలో. టవరు సరిగ్గా కింద ఉన్న ఇంటికి ఎక్కువ పడుతుందని అందరూ అనుకుంటారు. యాంటెన్నా చూపు ఎదురుగా, కొంచెం వాలుగా ఉంటుంది. కాళ్ల దగ్గర నేల మీద పడేది తక్కువే.

కాన్సర్ మాట దాటేయడం నాకు ఇష్టం లేదు. 2011 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను 2బి అనే జాబితాలో పెట్టింది. కాన్సర్ తెచ్చే అవకాశం లేకపోలేదు, సాక్ష్యం మాత్రం పరిమితం అని దాని అర్థం. వాట్సాప్‌లో తిరిగేవాళ్లు మొదటి సగమే పంపుతారు. ఎక్కువ గంటలు మాట్లాడినవాళ్లలో కొంత తేడా కనిపించినట్టు చెప్పిన కొన్ని అధ్యయనాలను చూసే అలా పెట్టారు. అందులో 13 దేశాల్లో చేసి 2010లో ప్రచురించిన ఇంటర్‌ఫోన్ ఒకటి. మొత్తం మీద ముప్పు పెరగలేదనే అది చెప్పింది. అందరికన్నా ఎక్కువ మాట్లాడిన పదో వంతు మందిలో ఒకరకం మెదడు కంతి కాస్త ఎక్కువగా కనిపించింది. ఏళ్ల కిందట ఎంతసేపు మాట్లాడామో జబ్బుపడ్డ మనిషి గుర్తుచేసుకుని చెప్పిన లెక్క కాబట్టి దాన్ని ఖాయంగా తీసుకోలేమని ఆ అధ్యయనం చేసినవాళ్లే రాశారు.

2018లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎలుకల మీద ఫలితాలు ప్రకటించింది. రోజుకు తొమ్మిది గంటల చొప్పున రెండేళ్లు, ఒళ్లంతా, మన ఫోన్ల కన్నా ఎక్కువ మోతాదులో పెడితే కొన్ని మగ ఎలుకల గుండెల్లో కంతులు వచ్చాయి. దాన్ని కొట్టిపారేయకూడదు. అదే అధ్యయనంలో తరంగాలు తగిలిన మగ ఎలుకలు తగలనివాటికన్నా ఎక్కువ కాలం బతికాయన్నదీ ఉంది. తర్వాత 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద మనుషుల మీద చేసిన 63 అధ్యయనాలను కలిపి చూశారు. సెల్‌ఫోన్ వాడకానికీ మెదడు కాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు. పదేళ్లకు పైగా వాడినవాళ్లలోనూ కనిపించలేదు. ఇంత జనం ఇన్నేళ్లు వాడాక పెద్ద ముప్పే ఉంటే బయటపడేదని నా నమ్మకం. అలాగని పసిపిల్లల చెవి దగ్గర ఫోను పెట్టి గంటలు గంటలు మాట్లాడించాల్సిన పనీ లేదు. ఖర్చు లేని జాగ్రత్తను ఎందుకు వదులుకోవాలి?

తిత్లీ తుపాను మా జిల్లా మరిచిపోదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు లేదు, టవర్లు పడుకున్నాయి. నా షాపులో జనరేటర్ వేస్తే ఛార్జింగ్ కోసం ఫోన్లు బల్ల నిండా పేరుకున్నాయి. ఛార్జి ఎక్కినా సిగ్నల్ లేదు. హైదరాబాదులో, చెన్నైలో, గుజరాత్‌లో పనులకు వెళ్లిన పిల్లలు ఇంటివాళ్లు బతికున్నారో లేదో తెలియక అల్లాడిపోయారు. ఒక ముసలాయన చేతిలో ఫోను పట్టుకుని, "మావోడు సేస్తాడు బాబూ, సూడు, ఎలుగుతాదేమో సూడు" అంటూ నా ముందే కూర్చున్నాడు. మా మావయ్యకు రాత్రిపూట ఆయాసం వచ్చి 108కి కొడితే లైను దొరకక మేడ మీదకు పరిగెత్తిన రోజులూ ఉన్నాయి. మందస కొండల పక్క ఊళ్లలో ఉపాధి హాజరు ఫొటో ఎక్కించడానికి, పింఛను వేలిముద్ర పడటానికి జనం ఈనాటికీ సిగ్నల్ ఉన్న గట్టు వెతుక్కుంటారు. టవరు వద్దనేముందు ఇవన్నీ కూడా ఊరు కూర్చుని మాట్లాడుకోవాలి.

భయాన్ని అమ్ముకునేవాళ్లు వేరే ఉన్నారు. 2021లో కరోనా రెండో విడత ఊళ్లను ఊడ్చేస్తున్నప్పుడు, 5జీ పరీక్షల వల్లే మనుషులు చనిపోతున్నారని వాయిస్ మెసేజీలు తిరిగాయి. మన దేశంలో 5జీ సేవలు మొదలైందే 2022 అక్టోబర్ 1న. ఈమధ్య విశాఖ నుంచి ఒకతను బంగారు రంగు స్టిక్కర్ల షీటు తెచ్చి నా బల్ల మీద పరిచాడు. ఫోను వెనక అంటిస్తే రేడియేషన్ తొంభై తొమ్మిది శాతం పోతుందట. 30 రూపాయలకు ఇస్తాడు, 300కి అమ్ముకోమన్నాడు. తీసుకోలేదు. తరంగాలు తొంభై తొమ్మిది శాతం ఆగిపోతే ఫోను పనిచేయదు. పనిచేస్తోందంటే ఆగలేదన్నమాట. కొంచెం అడ్డుపడిందా, ఫోను ఆ కొరత తీర్చుకోవడానికి పవర్ పెంచుతుంది. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ మాటే చెప్పి జనాన్ని హెచ్చరించింది. పలాస, కాశీబుగ్గ, సోంపేట, టెక్కలిలో షాపులు పెట్టుకున్న తోటివాళ్లందరికీ నా మనవి, కిడ్నీ జబ్బుతో వణికిపోతున్న జనం దగ్గర ఆ డబ్బు తీసుకోకండి.

ఇంత రాశానని టవర్ల కంపెనీలు చేసేదంతా సబబని నేను అనడం లేదు. ఊరికి చెప్పకుండా ఒక ఇంటాయనతో అగ్రిమెంట్ రాయించుకుని రాత్రికి రాత్రి గుంత తవ్వితే ఎవరికైనా కోపం వస్తుంది. అద్దె ఒకరికి, జనరేటర్ మోత, డీజిల్ పొగ పక్కింటివాళ్లకు. అడిగితే అనుమతులున్నాయని ఒక కాగితం దూరం నుంచి ఊపి లోపల పెట్టుకుంటారు. ఆ కాగితంలో ఏముందో, ఎంత కొలత వచ్చిందో తెలుగులో చదివి వినిపించే నాథుడు లేడు. వజ్రపుకొత్తూరు ఆడవాళ్లు రోడ్డెక్కింది ఆ మర్యాద లేకపోబట్టే అని నాకనిపిస్తుంది.

కొలవడానికి దారి ఉంది. టెలికాం శాఖ 2017లో తరంగ్ సంచార్ అనే పోర్టల్ పెట్టింది. మన చుట్టుపక్కల ఏ టవర్లున్నాయో, అవి నియమం ప్రకారం ఉన్నాయో లేదో అందులో చూసుకోవచ్చు. మా ఇంటి దగ్గర కొలవండి అని అడగొచ్చు కూడా. దానికి 4000 రూపాయలు కట్టాలి. జీడిపప్పు ఒలిచే మనిషి ఆ డబ్బు కట్టి కొలిపించుకుంటుందా? నా మొదటి విన్నపం ఇదే. పంచాయతీ తీర్మానం చేసి అడిగితే ఆ రుసుము లేకుండా కొలవాలి. టెలికాం అధికారులు ఊళ్లోకి వచ్చి, జనం చూస్తుండగా, బడి దగ్గర, అంగన్‌వాడీ దగ్గర, ఎక్కువ భయపడుతున్న ఇంటి గుమ్మంలో మీటరు పెట్టాలి. వచ్చిన అంకె, దాని పక్కనే పరిమితి అంకె, తేదీ, కొలిచిన అధికారి హోదా తెలుగులో గ్రామ సచివాలయం బోర్డు మీద రాయాలి. పరిమితి దాటితే ఆ టవరు ఆపించాలి, అదీ బోర్డు మీద రాయాలి. టవరు కట్టకముందు ఒకసారి, కట్టి ఆన్ చేశాక ఒకసారి కొలిస్తే తేడా ఎంతో ఊరివాళ్లకే తెలుస్తుంది.

రెండోది ఫోను పెట్టె మీద. ఎస్ఏఆర్ అంకెను, ఒంటికి ఎంత దూరంలో కొలిచారో ఆ దూరాన్ని, పెట్టె పైన తెలుగులో, ధర అచ్చు వేసినంత పెద్ద అక్షరాల్లో వేయించాలి. మన ఎంపీలు ఈ సంగతి పార్లమెంటులో అడగడానికి ఖర్చేమీ కాదు.

మూడోది మీకు. ఇకమీదట టవరు గొడవ వార్త వచ్చినప్పుడు ఆ చోట కొలత ఎంతో కనుక్కుని ఆ అంకె కూడా వేయండి. కొలవకపోతే కొలవలేదని వేయండి.

గుంత పూడ్చిన ఆ ఊళ్లో వచ్చే నెల గ్రామసభ పెడతారని విన్నాను. జిల్లా కలెక్టరు గారు దయచేసి ఆ రోజుకు టెలికాం శాఖ నుంచి మీటరుతో ఒక అధికారిని పంపించాలి. ఆ సభకు నేనూ వెళ్తున్నాను. ఎవరైనా తమ ఫోను తెస్తే ఆ రెండు అంకెలూ చూపించి, రాసిస్తాను.

ఇట్లు,
ఒక సెల్‌ఫోన్ మెకానిక్,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా.